రెండు భోషాణాలు: రంగు చూసి ఒకటి ఎంచుకున్న కేసు

షోరూంలోని భోషాణం నిజంగా పాతదే. అయినా దాన్ని కొనొద్దన్నాను. పల్లెలో ఉన్నది వయసులో బహుశా దానికంటే చిన్నది. కాలు ఒకటి ఎప్పుడో మార్చారు, మూత నిండా మరకలు. దాన్ని తీసుకోమన్నాను. ఆ సలహా ఎందుకిచ్చానో, కొన్నాక ఏం చేశామో, ఏం చేయకుండా వదిలేశామో ఇక్కడ రాస్తున్నాను. పాత సామాను కొనేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది కలప గురించి, వయసు గురించి. రంగు సంగతి అడిగేవాళ్లు తక్కువ. అడిగినా "మంచి కలర్ వస్తుందా అండీ?" అంటారు, అంటే పాలిష్ కొట్టాక వచ్చే రంగు. కొనేముందు ఆ చెక్క మీద ఉన్న రంగు సంగతి ఎవరికీ పట్టదు.

క్లయింట్లు భార్యాభర్తలు. ఇద్దరిదీ కోనసీమ, ఉద్యోగాలు హైదరాబాద్‌లో. కొత్త ఫ్లాట్‌లో హాలు గోడకి ఆనించి ఒక పాత భోషాణం పెట్టుకోవాలని కోరిక. నా దగ్గరికి వచ్చేసరికే రెండు చూసి ఉన్నారు. ఒకటి నగరంలోని షోరూంలో, రెండోది కాకినాడకు దగ్గర్లో, త్వరలో పడగొట్టబోతున్న ఒక మండువా లోగిలిలో. మొదటిదాని ధర రెండోదానికి దాదాపు రెట్టింపు. ఆయనకి మొదటిది నచ్చింది. ఆవిడకి రెండూ నచ్చలేదు. "ఒకటి నిన్న చేసినట్టుంది, ఇంకోటి కట్టెల మోపులా ఉంది" అన్నారు.

షోరూం భోషాణం

పొడవు అయిదడుగులకు కాస్త తక్కువ. ముందు పలక మీద ఇత్తడి పువ్వులు, మూలలకు ఇత్తడి రేకులు. చెక్క అంతా ముదురు ఎరుపు కలిసిన గోధుమ రంగు. చీటీ మీద "రోజ్‌వుడ్, 150 ఏళ్లు" అని ఉంది.

మూత ఎత్తి లోపల చూస్తే బంగారు గోధుమ రంగు, నిటారు చారలు. కనబడని చోట గోటితో గీకితే తోలు వాసన లాంటి నూనె వాసన. టేకు. ఇరుగుడు, అంటే చీటీలో రాసిన రోజ్‌వుడ్, వాసన ఇలా ఉండదు, అది కాస్త తియ్యగా ఉంటుంది. రంగు విషయంలో ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఇరుగుడు కోసినప్పుడు ఊదా ఛాయ గట్టిగా ఉంటుంది, వెలుతురులో ఏళ్లు గడిచేకొద్దీ అది తగ్గి గోధుమలోకి వస్తుంది. కాబట్టి నూటయాభై ఏళ్లు ఇంట్లో ఉన్న ఇరుగుడు అన్ని వైపులా ఒకేలా ఎర్రగా, ఊదాగా మెరుస్తుంటే ముందు అనుమానం రావాలి. టేకు దారి వేరు. కోసిన కొత్తలో పచ్చగా, మచ్చమచ్చగా ఉండి, వెలుతురు తగిలాక బంగారు రంగుకి, ఏళ్ల మీద గోధుమకి వస్తుంది. నేరుగా ఎండ పడితే మళ్లీ వెలుస్తుంది.

అయితే చీటీ తప్పయినంత మాత్రాన సరుకు దొంగదని కాదు. బోర్లించి చూశాం. అడుగు పలకల మీద చేతి రంపం గీతలు, తిన్నగా ఉన్నా ఒకదానికొకటి సమానంగా లేనివి. పక్కన బాడిస గాట్లు. కమ్మరి కొట్టిన మేకులు. అడుగు భాగం పొడిగా, మట్టి రంగులో, పాలిష్ అన్నది ఎరగకుండా ఉంది. చేసిన పద్ధతి పాతదే, చెక్కా పాతదే. నాకు అభ్యంతరం పైన.

పైన ఏమీ మిగల్లేదు. ముందు పలక కింది అంచు దగ్గర పుచ్చు పురుగు తొలిచిన దారులు కాలువల్లా బయటికి తెరుచుకుని ఉన్నాయి. పురుగు చెక్క లోపల తొలుస్తుంది, బయటికి మాత్రం సన్నటి గుండ్రటి బెజ్జం పెట్టుకుని వస్తుంది. దారి పొడుగునా బయటపడిందంటే ఆ తర్వాత ఎవరో పైపొర లేపేశారన్నమాట. మేకుల తలలన్నీ ఒకేలా తెల్లగా మెరుస్తున్నాయి, వాటి మీద శాండ్ పేపర్ గీతలు ఒకే దిక్కుగా ఉన్నాయి. ఇనుప మేకు చుట్టూ పాత టేకులో నల్లటి, నీలి నలుపు మచ్చ పడుతుంది, చెమ్మ తగిలినప్పుడల్లా ఇనుము చెక్కలోని టానిన్ అనే పదార్థంతో కలిసి చేసే పని అది. ఇక్కడ ఆ మచ్చల్ని కప్పడానికే అంత ముదురు రంగు వేసినట్టు తోచింది. మూలల్లో, అంచుల మీద, మూత నడుమ, అన్ని చోట్లా రంగు ఒక్కటే. గోడ వైపు ఉండాల్సిన వెనక పలక కూడా అదే రంగు.

ఇంట్లో వాడిన వస్తువుకి అన్ని వైపులా ఒకే వెలుతురు పడదు, అన్ని వైపులా ఒకే చెయ్యి తగలదు. నేను రంగులో వెతికేది ఆ తేడాలు. అవి ఉండాలి, ఉన్నవి ఒకదానితో ఒకటి పొంతన కుదరాలి.

చిత్రిక పట్టినా ఏం పోయింది, లోపలిదీ పాత చెక్కే కదా అని ఆయన అడిగారు. మంచి ప్రశ్న. వెలుతురు చెక్కలోకి చాలా కొద్దిగానే దిగుతుంది, మిల్లీమీటరులో అయిదో వంతు అటూ ఇటూ. చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థాన్ని మార్చి రంగు తెచ్చేది ఆ కాస్త లోతులోనే. దాని మీద లక్క పాలిష్ పొరలు, మైనం, చేతి జిడ్డు, దీపం పొగ, దుమ్ము కలిసి గట్టిపడిన ఇంకో పలచటి పొర ఉంటుంది. మనం పాటినా అని పిలిచేది ఈ రెండూ కలిసినదాన్ని. చిత్రిక ఒక్కసారి నడిస్తే రెండూ పొట్టులో పోతాయి. లోపలి చెక్క వయసులో పాతదైనా వెలుతురు చూడని చెక్క. దానికి ఆ రంగు రావాలంటే ఇంకో రెండు తరాలు ఆగాలి. షోరూంవాళ్లు ఆగలేక డబ్బాలో రంగు కలిపారు. రెట్టింపు ధర అడుగుతున్నది కూడా ఆ పనికే.

మండువాలో ఉన్నది

ఇది ఎక్కడుండేదో అక్కడే చూసే అవకాశం దొరికింది, అదే ఈ కేసులో పెద్ద అదృష్టం. బజారుకి వచ్చాక సామాను తన చోటు మర్చిపోతుంది. ఎడమ పక్క మండువా వైపు, కుడి పక్క గది గోడ వైపు, వెనక గోడ. ఎడమ పక్క పలక తేనె రంగులో వెలిసి ఉంది. ముందు పలక ఎడమ నుంచి కుడికి వెళ్లేకొద్దీ ముదురుతూ పోయింది. కుడి పక్క ముదురు గోధుమ. వెనక పలక బూడిద కలిసిన మట్టి రంగు, సున్నం చుక్కలతో, ప్రతి ఏడూ గోడకి వెల్ల వేసినప్పుడు పడినవి. పైకప్పు తెరిచి ఉన్న మండువా నుంచి వెలుతురు ఏ వైపు నుంచి వచ్చేదో చెక్క చూసి చెప్పొచ్చు.

మూత మీద ఒక కొసన పెద్ద నల్లటి మరక, మూరెడు వెడల్పు. ఆవిడకి ముందు నచ్చనిది అదే. ఇంటి పెద్దావిడని అడిగాను.

"మా అత్తగారు దాని మీదే పడుకునేవారు బాబూ. తలకి ఆముదం లేనిదే ఉండేవారు కాదు. పరుపు వెయ్యమంటే వద్దనేవారు, ఒక్క చాప చాలనేవారు."

భోషాణం మీద ఇంటి పెద్దలు పడుకోవడం మన వైపు మామూలే. లోపల నగలు, పత్రాలు, పట్టుచీరలు, పైన కాపలా. తల పెట్టే కొసన నూనె దిగి నల్లబడింది, అటు కొస మాత్రం మడమల రాపిడికి పాలిష్ పోయి చెక్కే నునుపుదేరింది. మధ్యలో చాప అల్లిక గళ్లు పక్క నుంచి వెలుతురు పెట్టి చూస్తే ఇప్పటికీ లీలగా కనబడతాయి. పాతదనం కోసం గొలుసుతో బాదేవాళ్లు, ఇటుక ముక్కతో గీకేవాళ్లు ఉన్నారు. వాళ్లకి దెబ్బలు వెయ్యడం తెలుసు, ఏ దెబ్బ ఎక్కడుండాలో తెలియదు. ఇక్కడ తాళం బెజ్జం కింద జానెడు మేర సన్నటి వంపు గీతలున్నాయి, తాళంచెవి తిప్పుతున్నప్పుడు మిగతా గుత్తి వేలాడి ఊగిన చోట. గొళ్లెం కొస తిరిగిన దారిలో చాపం ఆకారంలో ఒక గాడి. మూత ముందంచు నడుమ నుంచి కాస్త కుడికి జరిగి అరిగింది. ఎడమ చేత్తో దీపమో, తాళాల గుత్తో పట్టుకుని కుడి చేత్తో ఎత్తి ఉంటారు.

నాకు అన్నిటికంటే నమ్మకం కలిగించింది పసుపు. శుక్రవారాలు, పండగలు ముందు పలకకి పసుపు రాసి బొట్టు పెట్టేవారట. పైకి చూస్తే పసుపు జాడే లేదు. గొళ్లెం ఎత్తితే దాని నీడలో ఉన్న చెక్క మీద మాత్రం చిక్కటి పసుపు. పసుపుకి రంగునిచ్చే కుర్కుమిన్ వెలుతురుకి ఆగదు, కొన్నాళ్లకే వెలిసిపోతుంది. ఇనుము అడ్డం ఉన్నచోట బతికింది. ఎవరైనా పాతదిగా చూపించడానికి నిన్న పసుపు రాసి ఉంటే అది ఎదురుగా కనబడే చోట ఉండేది, గొళ్లెం కింద కాదు.

కాళ్ల అడుగున రెండంగుళాల మేర నీటి చారలు, రోజూ తడిగుడ్డ పెట్టినందుకు. నాలుగో కాలికి ఆ చారలు పైపైనే ఉన్నాయి, కలప కూడా వేరే, మద్దిలా ఉంది. మేకులు తీగ మేకులు, అంటే యంత్రంతో చేసినవి. చెద తిన్నాక ఊరి వడ్రంగి మార్చి ఉంటాడు. దాచే ప్రయత్నం ఏమీ చెయ్యలేదు, అందుకే ఆ కాలుతో నాకు పేచీ లేదు.

దూది, స్పిరిట్, టార్చి

కంటితో చూసిందాన్ని రెండు చోట్లా ఒకేలా పరీక్షించాం. మూత వెనకంచు కింద కనబడని చోట, దూదికి స్పిరిట్ అద్ది పది క్షణాలు ఆనించాం. పల్లెలోది బంకగా మారి దూదికి గోధుమ రంగు అంటింది, అంటే లక్క. షోరూందానికి ఏమీ కాలేదు. మెలమైన్ లాంటి ఇప్పటి పాలిష్‌లు స్పిరిట్‌కి కరగవు. చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే పల్లెలోది మూత మీద నారింజ కాంతి ఇచ్చింది. పాత లక్క గుణం అది. మడమల వైపు ఆ కాంతి లేదు, ఎందుకంటే అక్కడ లక్కే లేదు. షోరూంలో ఎక్కడా నారింజ కనబడలేదు.

ఈ టార్చిని మాత్రమే నమ్మొద్దు. చిత్రిక పట్టి మళ్లీ లక్క పాలిష్ చేసినా నారింజే వస్తుంది. పై పూత ఏమిటో అది చెబుతుంది, ఎప్పటిదో చెప్పదు. మూలల్లో పేరుకున్న నల్లటి మడ్డిని గోటితో నొక్కి చూడటం నాకు ఇంకా ఉపయోగం. అసలుది పొరలు పొరలుగా, పెచ్చులా రాలుతుంది. రంగు కలిపిన మైనం అయితే మెత్తగా గోటికి అంటుకుంటుంది.

ధర, వయసు, రంగూన్ కథ

ఇంటివారి లెక్కలో ఇది రంగూన్ భోషాణం. తాతగారు అక్కడి నుంచి ఓడలో తెచ్చారని చెప్పారు. కాకినాడ పక్కనే కోరంగి. ఆ రేవు నుంచి బర్మా వెళ్లిన తెలుగువాళ్లు ఎందరంటే, అక్కడ మనవాళ్ల పేరే కోరంగీలు. బొంబాయి బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ పుట్టింది 1863లో. 1885 యుద్ధం తర్వాత ఎగువ బర్మా అడవులు కూడా ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చాయి. ఆ టేకు మన కోస్తాకి వచ్చిందన్న దాంట్లో సందేహం లేదు. కథ జరగదగ్గదే. కానీ బర్మా టేకా, గోదావరి ఏజెన్సీ టేకా అన్నది కంటితో చూసి నేను చెప్పలేను, చెప్పగలనని అమ్మేవాళ్లని కూడా నమ్మను. చెక్కలో కనబడింది ఒక్కటే. అడుగు పలకల మీద గుండ్రటి రంపం వేసిన వంపు గీతలు. అంటే మిల్లులో కోసిన పలకలు, అందువల్ల 19వ శతాబ్దం రెండో సగం కంటే ముందుకి తీసుకెళ్లడం కష్టం. షోరూందానికి చేతి రంపం గీతలు ఉన్నాయి కాబట్టి అది ఇంకా పాతది కావచ్చు. కచ్చితంగా అనలేం, ఊళ్లలో చేతి కోత 20వ శతాబ్దంలోనూ సాగింది.

క్లయింట్‌కి ఇక్కడే చిక్కొచ్చింది. ఎక్కువ పాతదాన్ని వదిలి తక్కువ పాతదాన్ని కొనడమేమిటని. బయటి దేశాల యాంటిక్ బజారులో, ఒకే రకం సామానులో, గీకి పాలిష్ చేసినదానికంటే పైపొర చెదరనిదానికి ధర బాగా ఎక్కువ ఉంటుంది. మన దగ్గర ఆ తేడా తలకిందులుగా ఉంది, మెరిసేదానికే ఎక్కువ పలుకుతోంది. కొనేవాడికి ఇది ఇంకా కొంతకాలం లాభమే. పాలిష్ ఎప్పుడైనా చేయించుకోవచ్చు, పోయిన పొరని తేలేం అని మాత్రం చెప్పి ఊరుకున్నాను. పల్లెలోదానికి ఇంటివారు అడిగిన దానికంటే బేరం ఆడొద్దని కూడా చెప్పాను. పాత కలప వ్యాపారి అప్పటికే తలుపులు, స్తంభాలతో కలిపి భోషాణాన్నీ గంపగుత్తగా అడుగుతున్నాడు. అతని లెక్క ఘనపుటడుగుల్లో. అతని చేతికి వెళితే పలకలుగా విడిపోయేది.

వర్క్‌షాపులో

మొదట పురుగు చూశాం. కొత్త పొడి రాలడం లేదు, పాత బెజ్జాలే. తర్వాత మెత్తటి బ్రష్, వాక్యూమ్. ఆ పైన దూది, మినరల్ టర్పెంటైన్. ఇది లక్క జోలికి వెళ్లదు, పాత నూనె జిడ్డుని మాత్రం లేపుతుంది. పూల నగిషీలో ఇరుక్కున్న మురికికి నీరు, ఒక్కోచోట ఉమ్ము. నవ్వొద్దు. ఉమ్ములోని ఎంజైము పాత పూతల మీది మురికిని సున్నితంగా తీస్తుందని పోర్చుగల్ పరిశోధకులు నిరూపించారు, దానికి 2018లో ఇగ్ నోబెల్ కూడా వచ్చింది, నవ్విస్తూనే ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి అది. మా మేస్త్రీకి ఈ సంగతి బహుమతి కంటే ముందే తెలుసు.

సబ్బు విషయంలో మాత్రం నేను పక్కనే ఉన్నాను. పసుపు ఉన్న చెక్కకి సోడా సబ్బు తగిలితే క్షారానికి పసుపు ఎర్రబారుతుంది, గొళ్లెం కింద అంతా పాడయ్యేది. ఆ చోటు ముట్టుకోలేదు.

నూనె మరక దగ్గర రెండు రోజులు వాదన నడిచింది. తేలిక చెయ్యమని ఆవిడ, వద్దని నేను. చివరికి పైన బంకగా ఉన్న జిడ్డు తీసి, లోపలికి దిగినదాన్ని వదిలేద్దామని ఒప్పుకున్నారు. బంక పోయాక కింద చెక్క నల్లగా కాదు, మాగిన ఖర్జూరం రంగులో బయటపడింది. అప్పుడు ఆవిడే ఇక చాలన్నారు. మడమల వైపు పాలిష్ లేని చోట లక్క వెయ్యలేదు. తేనెమైనం టర్పెంటైన్‌లో కరిగించి పలచగా రెండు సార్లు పట్టించి, నూలుగుడ్డతో రుద్దాం. అంతే. అవిసె నూనె రాయమని చాలామంది చెబుతారు. అది ఏళ్ల మీద ముదురుతుంది, ఆరేలోపు దుమ్ము పట్టుకుంటుంది, ఒకసారి చెక్కలోకి దిగాక వెనక్కి తీయలేం. మైనం నచ్చకపోతే రేపు తుడిచేయొచ్చు.

వెనక వైపు ఒక బందు దగ్గర అరచేతి వెడల్పు ముక్క ఊడిపోయి ఉంది. అక్కడ కొత్త టేకు పెట్టడం తప్పలేదు, లేకపోతే మూత బరువు ఆగదు. కొత్త ముక్కని పాత రంగుకి దగ్గరగా తెచ్చాం, పూర్తిగా కలపలేదు. రెండు గజాల దూరంలో తెలియదు, దగ్గరికొస్తే తెలుస్తుంది. లోపలి వైపు నెలా సంవత్సరం పెన్సిల్‌తో రాశాం. ఇత్తడిని చింతపండుతో తోమాలని ఆయనకి సరదా పడింది. ఆ పులుసు రేకు అంచుల కిందికి దిగి చెక్కని మరక చేస్తుంది, ఇత్తడి మీద పట్టిన గోధుమ ఛాయ పోతుంది. పొడిగుడ్డతో తుడవడంతో ఆపాం.

ఫ్లాట్‌లో

పెట్టాలనుకున్న గోడకి ఎదురుగా పడమటి కిటికీ ఉంది. మధ్యాహ్నం మూడు నుంచి నేరుగా ఎండ. గోడ మార్చమన్నాను, కుదరదన్నారు. అద్దానికి అల్ట్రావయొలెట్ ఫిల్మ్ వేయించి, తెర కట్టించారు. ఎడమ పక్క ఎప్పటినుంచో వెలిసిందే కాబట్టి ఆ వైపే కిటికీకి ఉండేలా తిప్పి పెట్టాం. ఏసీ గాలి నేరుగా తగలకూడదు. కాకినాడ చెమ్మలో ఉన్న పలక హైదరాబాద్ వేసవిలో అడ్డంగా కుంచించుకుపోతుంది. మూత పలకల మధ్య వెంట్రుకంత సందు ఇప్పటికే తెరుచుకుంది, వానాకాలంలో మూసుకుంటుంది. దాన్ని లప్పంతో నింపమని ఎవరు చెప్పినా వినొద్దన్నాను.

ఇంకొకటి, శానిటైజర్ సీసా. కోవిడ్ తర్వాత మా దగ్గరికి వచ్చిన లక్క పాలిష్ బల్లల మీద తెల్లటి వలయాలు సగం దానివే. స్పిరిట్ స్పిరిటే, చేతికి రాసుకునేదైనా. వేడి కాఫీ గ్లాసు రెండో శత్రువు.

అమెరికాలో ఉన్న కూతురు తర్వాత ఎప్పుడైనా తీసుకెళ్లొచ్చా అని ఫోన్లో అడిగింది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన పనితనపు వస్తువుని వ్యక్తులు దేశం దాటించకూడదు, ఆ హక్కు కేంద్ర ప్రభుత్వానికీ, అది అనుమతించిన సంస్థలకే ఉంది. నూరేళ్లు నిండలేదనుకుంటే ఆర్కియాలజికల్ సర్వే నుంచి పురావస్తువు కాదన్న ధ్రువపత్రం కావాలి. షోరూం చీటీలో రాసినట్టు అది నిజంగా ఇరుగుడే అయ్యుంటే ఇంకో తలనొప్పి తోడయ్యేది. ఆ జాతి మొత్తం 2017 నుంచి సైటిస్, అంటే అరుదైన మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం, రెండో జాబితాలో ఉంది. ఈ భోషాణం టేకు కాబట్టి ఆ బాధ లేదు, కానీ వయసు నూరేళ్లకి అటో ఇటో తేల్చడం నా మాటతో అయ్యే పని కాదు. ఇంట్లో ఉన్న చోట తీసిన ఫోటోలు, పెద్దావిడ చెప్పిన సంగతులు, మార్చిన కాలు, మేం పెట్టిన కొత్త ముక్క, వాడిన మైనం, అన్నీ రాసిన కాగితాలు భోషాణంలోనే ఒక సంచీలో పెట్టించాను. రంగూన్ సంగతి మాత్రం "ఇంటివారు చెప్పినది" అని రాశాను.